ఓర్లా గుండు

“ఆడపిల్లవి, ఆ గుండేమిటమ్మా? ఏ టోపీయో పెట్టుకోకూడదూ? చూసేవాళ్లకు ఇబ్బంది!” ఐర్లండ్‌లోని గాల్వే సిటీ బస్సులో ఎదుటి సీటు పెద్దావిడ ఓర్లాతో అనేసింది.

జబ్బుతో జుట్టంతా రాలిపోయిన ఓర్లాకు ఇవన్నీ అలవాటే. “గాలి బాగా తగులుతుందండీ,” అని నవ్వింది.

పక్కనున్న తల్లి అసంప్టా మాత్రం భగ్గుమంది. “ఇబ్బందైతే కళ్లు మూసుకోండి! నా కూతురు గుండుతోనే అందంగా ఉంది!”

పెద్దావిడ గొణుక్కుంటూ తర్వాతి స్టాపులో దిగిపోయింది.

“అమ్మా, పొద్దున విగ్గు పెట్టుకోమంటూ నువ్వూ అచ్చం ఇదే మాటన్నావు,” అంది ఓర్లా.

అసంప్టా వాన కారుతున్న కిటికీ వైపు తల తిప్పుకుంది.

“ఇంత మొరటుగా అన్నానా?”

“ఇంకాస్త గట్టిగా.”

“అయితే నేనూ దిగిపోనా?”

“వానలో ఎక్కడికి పోతావు, కూర్చో.”

అసంప్టా నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. తర్వాత, మొట్టమొదటిసారి నలుగురి ముందు, కూతురి గుండు నిమిరింది.