పైలట్ మూత మీద మరక

తెల్లారితే బ్ర్నోలో బొమ్మ విమానాల పోటీ. రెండేళ్లు కూర్చుని చేసిన విమానానికి, పైలట్ సీటును కప్పుతూ నిన్ననే అతికించిన గాజులాంటి మూత మీద మరక కనబడేసరికి వోయ్‌తేఖ్‌కు ప్రాణం పోయినంత పనైంది. తుడిచాడు. పోలేదు. మరక లోపలి వైపుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆవగింజంత అరచెయ్యి, అయిదు వేళ్లతో సహా.

టక్... టక్...

"ఏంటయ్యా ఆ చప్పుడు?" పక్కగదిలోంచి భార్య వ్లాస్తా అరిచింది.

"లోపల కూర్చోబెట్టిన ప్లాస్టిక్ పైలట్ బొమ్మ, మూతని తడుతున్నాడే."

"పాపం, తియ్యరాదూ!"

"తీస్తే జిగురు మరక తేలుతుంది. మార్కులు పోతాయ్!" అని విసుక్కుని, వోయ్‌తేఖ్ మూత దగ్గరికి వంగి బతిమాలాడు. "నాయనా, రేపు సాయంత్రం దాకా ఓపిక పట్టు."

చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకుని దీపం ఆర్పబోయాడు.

కదలకుండా తనే జిగురేసి బిగించిన ముందు పంకా, మెల్లగా ఒక చుట్టు తిరిగింది.