గురువారం వదులయ్యే కార్డు

"కార్డు మళ్ళీ పోయినాది. రా."

గురువారం ఉదయం తొమ్మిదింటికి సాలూరు నుంచి నరసింగరావు ఫోను. విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసుకునే రమేష్‌బాబు స్క్రూడ్రైవర్ సంచీలో వేసుకున్నాడు. వరసగా ఐదో గురువారం ఇదే కబురు.

నరసింగరావుకి పధ్నాలుగు లారీలున్నాయి. ఏ లారీకి ఏ టైరు ఎప్పుడు మార్చారో పాతికేళ్ళ భోగట్టా అంతా ఒక పాత సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కొత్తగా కొన్న కంప్యూటర్ దాని మొహం చూడనంది. పాతదాన్ని కొత్తదాంట్లో నడిపించే కార్డొకటి తెప్పించి, లోపల బిగించింది రమేష్‌బాబే. బిగించిన రోజు బాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి వదులైపోతుంది.

కార్డు పోతే పోయింది, పరువు పోతోంది. అదీ ఝాన్సీ ముందు. ఆ సాఫ్ట్‌వేర్ నడిపేది నరసింగరావు కూతురు ఝాన్సీయే. మొదటి రోజే ఆమెను చూస్తూ రమేష్‌బాబు స్క్రూడ్రైవర్ వేలికి గుచ్చుకున్నాడు. నరసింగరావే దూది పెట్టి కట్టుకట్టాడు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి అనుకున్నాడు రమేష్‌బాబు. కానీ ఒక్క కార్డు నిలబెట్టలేనివాడు ఏ మొహం పెట్టుకుని పిల్లనిమ్మంటాడు?

పైగా వెళ్ళినప్పుడల్లా చీవాట్లు.

"నీ ఇంటిపేరేటి? గేటు పుస్తకంలో రాయాల," అన్నాడు నరసింగరావు మొదటి వారం.

"సేతులు వణుకుతన్నాయేటి? మందు అలవాటున్నాదా?" రెండో వారం. లేదని ఒట్టేశాడు పాపం.

"నీ పనితనం మీ నాన్నకి తెలుసా? ఆయన నంబరియ్యి." మూడో వారం.

పోయిన వారం తిట్టి తిట్టి, చేపల పులుసుతో అన్నం పెట్టించి, "తినీసి ఎల్లు," అన్నాడు. తిట్టినవాడి అన్నం గొంతు దిగుతుందా? దిగింది. మారు కూడా వడ్డించుకున్నాడు. ఝాన్సీ మజ్జిగ పోస్తూ, "ఈసారైనా గట్టిగా బిగించండి," అని నవ్వింది. ఆ నవ్వుకి సిగ్గుతో సగం చచ్చాడు.

ఇవాళ సాలూరు చేరి కంప్యూటర్ తెరిచాడు. బలమంతా పెట్టి బిగించిన స్క్రూలు రెండూ మళ్ళీ వదులు. రమేష్‌బాబుకి ఏడుపొక్కటే తక్కువ.

"నా వల్ల అవదు బాబుగారూ. విశాపట్నంలో మంచి మెకానిక్కులున్నారు, ఆళ్ళని పిలవండి. ఇంక నాను రాను."

సంచీ సర్దుకుని, ఝాన్సీ వైపు చూడకుండా గుమ్మం దాకా వెళ్ళాడు.

నరసింగరావు పరుగున వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఒరే, మా పిల్లనిమ్మని నువ్వెప్పుడు నోరిప్పుతావా అని ఐదు వారాలుగా ఆ స్క్రూలు నానే ఇప్పుతన్నాను కదరా!"