తలుపులు బాదిన మనిషి

పట్టపగలు, మూడో అంతస్తు మెట్ల మీద నుంచి దొర్లి ఒక కొత్త మనిషి చచ్చిపోయాడు.

తోసింది లెక్కల మాస్టారు.

"తలుపు తీసేసరికి స్పానరు ఎత్తి నిలబడ్డాడండీ. భయంతో తోసేశాను. ఇప్పుడు నన్ను జైల్లో పెడతారా?" అని అడిగాడు మాస్టారు.

"ఎందుకు పెడతారు? ఇది ఆత్మరక్షణ," అన్నాడు అపార్టుమెంటు ప్రెసిడెంటు. "వాడు బుర్ర పగలగొట్టేదాకా ఆగుతామా?"

"ముందే కరెంటు తీసేశాడు. ఆరితేరిన దొంగ," అన్నాడు రెండో అంతస్తు బ్యాంకాయన.

"అందరూ బయటికి రండి, బయటికి రండి అని తలుపులు బాదుతూ ఒకటే కేకలు," అంది కింది వాటా పిన్నిగారు. "మనం వెళ్తే ఇల్లంతా ఊడ్చుకుపోదామని! నేను ఇంకో గడియ బిగించా."

"పాపం, ఏ తల్లి కన్న బిడ్డో," అంది మాస్టారి భార్య.

"దొంగ మీద జాలేమిటమ్మా? పాముకి పాలు పోసినట్టు!" ప్రెసిడెంటు కసిరాడు.

అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అప్పటికే 'మాస్టారు సింహం' అని మోత మోగుతోంది.

పోలీసులొచ్చేసరికి కథకి కాళ్ళూ చేతులూ వచ్చాయి. వాడు రెండు రోజులుగా సందులో తచ్చాడుతున్నాడని బ్యాంకాయన చెప్పాడు. 'చంపేస్తా' అన్నాడని పిన్నిగారు ఒట్టేసింది. నిజానికి బ్యాంకాయన వాడి ముఖమే చూడలేదు, పిన్నిగారు తలుపే తీయలేదు. అయితేనేం, మాస్టారు మంచివాడు. మంచివాడి కోసం చిన్న అబద్ధం ఆడితే కళ్ళు పోతాయా!

ఆ గొడవలో రాత్రి ఎవరూ వంట జోలికి పోలేదు. మర్నాడు పొద్దున ఒక్క ఇంట్లోనూ పైపు గ్యాసు పొయ్యి వెలగలేదు.

గ్యాసు కంపెనీ మెకానిక్కు వచ్చి, మెట్ల కింద గది తలుపు తీసి, లోపల చాలాసేపు చూశాడు.

"గొట్టం అతుకు ఊడిపోయిందండీ. మీకెవరికీ వాసన రాలేదా?"



"నాలుగు రోజులుగా వస్తోంది. డ్రైనేజీ కంపు అనుకున్నాం," అన్నాడు బ్యాంకాయన.

"ప్రెసిడెంటుగారు చూసుకుంటారులే అనుకున్నా," అని గొణిగింది పిన్నిగారు.

"మీరు అదృష్టవంతులు. నిన్న ఎవరో స్పానరుతో మెయిన్ వాల్వు కట్టేశారు. నిప్పురవ్వ పుట్టకుండా కరెంటు కూడా తీసేశారు. లేకపోతే ఎవరో ఒకరు బెల్లు నొక్కగానే బిల్డింగు లేచిపోయేది. ఎవరండీ ఆ మహానుభావుడు? పిలవండి, ఒక దణ్ణం పెట్టుకుంటా."



"మాకు తెలీదయ్యా," అన్నాడు ప్రెసిడెంటు, నేల చూపులు చూస్తూ.

మాస్టారి భార్య ఇక తట్టుకోలేకపోయింది. 

"ఎందుకు తెలీదు? మా అందర్నీ బయటికి పంపి బతికించాలని మూడంతస్తులు ఎక్కివచ్చాడు బాబూ, మేము దొంగ అని చెప్పి మార్చురీకి పంపించాం."