శాంపిల్ సీసా

"మీ ఊరికి చెరువు రాదండి, రాముడు గారూ," అన్నారు ఇంజనీరు లక్ష్మీనరసింహం గారు, ఫైలు మూసేస్తూ.

రాముడు కుర్చీలోంచి లేచిపోయాడు. "అదేంటండీ బాబూ! స్థలం చూపించాం. అడివి డిపార్ట్‌మెంటు వాళ్ళ కాగితం తెచ్చాం. కాలవ నీళ్ళిస్తామని ఇరిగేషనోళ్ళ చేత సంతకం పెట్టించాం. ఇంకా ఏం తక్కువైందండీ?"

"తక్కువ కాదండి, ఎక్కువైంది. మీ ఊరి నీళ్ళు మరీ బాగున్నాయి."

రాముడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొగపాలెం నీళ్ళు బాగుండటమా! సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊరది. ఎక్కడ బోరు వేసినా ఉప్పే. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరిగిపోతాయి. కాలవలు పారే రోజుల్లో నింపుకుని, కట్టేశాక ఎండాకాలమంతా తాగడానికి ఒక మంచినీళ్ళ చెరువు కావాలని ఊరంతా కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. వార్డు మెంబరయిన పాపానికి రాముడు చేపల వేట తమ్ముడికి వదిలేసి, నాలుగేళ్ళుగా ఈ ఆఫీసు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు.

"రూలేంటంటే, రోజూ తాగే నీళ్ళు పనికిరావని ల్యాబు వాళ్ళు రాస్తేనే చెరువు మంజూరవుతుంది," ఇంజనీరు గారు రిపోర్టు అతని వైపు తిప్పారు. "ఇదిగో చూడండి. ఉప్పు లేదు, మురికి లేదు. రాజమండ్రిలో మా ఇంటి కుళాయికి కూడా ఇన్ని మార్కులు రావు."

"ఆ నీళ్ళు మావి కావండి!"

"మీవేనండి. మా ఫణిశ్రీ గారు స్వయంగా వచ్చి పట్టుకొచ్చారు."

పక్క గదిలోంచి ల్యాబు టెక్నీషియన్ ఫణిశ్రీని పిలిపించారు. ఆమె వచ్చీ రాగానే రాముడు విరుచుకుపడ్డాడు.

"ఎంత ముట్టిందమ్మా? గణేష్‌బాబు గారే కదా ఇచ్చింది?"

ఊరి చివర రొయ్యల చెరువులన్నీ గణేష్‌బాబువి. మంచినీళ్ళ చెరువు వస్తే అతని మురుగునీళ్ళు కాలవలోకి వదలనివ్వరు. అందుకే ఈ పని అతనిదేనని రాముడి నమ్మకం. ఆ నమ్మకంతోనే నలుగురిలో నోటికొచ్చినట్టల్లా అనేశాడు. ఫణిశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదండి. మీ ఊళ్ళోకి వచ్చి, రోజూ తాగే నీళ్ళివ్వమని అడిగి మరీ పట్టాను. అక్కడికక్కడే నా చేత్తో సీలు వేశాను."

"అయితే ఇప్పుడే బయల్దేరండి. ఇంకో సీసా పట్టండి. నేనే దగ్గరుండి పట్టిస్తాను."

"లాభం లేదండి," అన్నారు ఇంజనీరు గారు మెల్లగా. ఆయన మంచివాడే. మంచివాడు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేశారు. "లిస్టు పొద్దున్నే పైకి వెళ్ళిపోయింది. మీ వంతు చెరువు వేరే ఊరికి రాసేశారు. మళ్ళీ అవకాశం ఐదేళ్ళకో, పదేళ్ళకో. కంప్యూటర్లో మీ ఊరి పేరు పక్కన 'నీటి సమస్య లేదు' అని ఎక్కిపోయిందండి. అది తీయించడం నా చేతుల్లో లేదు."

రాముడు చేతులు జోడించాడు. ఎందుకు జోడించాడో అతనికే తెలియదు. జోడించిన చేతులు అలాగే ఉంచుకుని బయటికి వచ్చేశాడు.

ఊళ్ళో బస్సు దిగి, రొయ్యల చెరువు గట్టు మీద కనిపించిన గణేష్‌బాబు చొక్కా పట్టుకున్నాడు. గణేష్‌బాబు బిత్తరపోయాడు. "నా పిల్లల మీద ఒట్టు రా రాముడూ! నాకేం తెలీదు. మా ఇంట్లోనూ ఆ ఉప్పునీళ్ళతోనే చస్తున్నాం," అన్నాడు. రాముడు నమ్మలేదు. చొక్కా వదిలేసి, తిట్టుకుంటూ ఇంటికి వచ్చాడు.

తల్లి పెద్దింట్లమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. కొడుకు మొహం చూసి చేతులు దులుపుకుని లేచింది.

"ఏంట్రా, అలా ఉన్నావ్? ఎవర్ని తిడుతున్నావ్?"

"అంతా అయిపోయిందమ్మా. ఇంక మన బతుకులకి చెరువు రాదు. ఆ ల్యాబు ఆవిడ లంచం తిని ఎక్కడివో మంచినీళ్ళు పట్టుకెళ్ళి, మొగపాలెం నీళ్ళని రాసేసింది. దాని చెయ్యి పడిపోను!"

"తప్పురా! అలా అంటే కళ్ళు పోతాయి," పెద్దింట్లమ్మ నోరు నొక్కుకుంది. "ఆ పిల్ల బంగారం. అలాంటి పని చెయ్యదు."

"నీకెలా తెలుసు?"

"మనింటికే వచ్చింది కదరా, నువ్వు రాజమండ్రి వెళ్ళిన రోజు. ఎండకి మొహం కందిపోయి ఉంది. మజ్జిగ ఇస్తే వద్దంది. సీసా నా చేతికిచ్చి, 'రోజూ మీరు తాగే నీళ్ళు కొంచెం పట్టివ్వండమ్మా' అని నీడన కూలబడింది."

"పట్టిచ్చావా?" అన్నాడు రాముడు.

"ఆయ్! ఎందుకివ్వనూ? దారిలో దాహానికి కాబోలనుకున్నాను," పెద్దింట్లమ్మ గొప్పగా చెప్పింది. "ఆఫీసు నుంచి వచ్చిన ఆడపిల్లకి మన ఉప్పునీళ్ళు ఎలా పోస్తామురా, మర్యాదగా ఉంటుందా? చంటిదాని పాలల్లోకని నువ్వు కొనుక్కొచ్చిన టిన్ను నీళ్ళు సీసా నిండా పోసి పంపాను."