అర నిమిషం

"సొక్కా ఒగ్గే," అన్నాడు ధనుంజయ.

బాయిలర్ పొయ్యి పక్కన మోహిని ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. నెల రోజుల్లో ఇది మూడోసారి. పలాసలోని ఆ జీడిపప్పు ఫ్యాక్టరీలో ధనుంజయ పదిహేనేళ్ళుగా సూపర్‌వైజరు. పిక్కలు కొట్టే నలభై మంది ఆడవాళ్ళు అతని దగ్గు విన్నా తల వంచుకుంటారు. అక్కుపల్లి నుంచి నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్ల మాత్రం చొక్కా పట్టుకుని గుంజుతుంది.

"ఏటే ఇది? ఒంట్లో బాగోనేదా?"

"ఏటీ నేదు బాబూ."

తల దించుకుని బల్ల దగ్గరికి పోయింది. పక్కనున్న బంగారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోంది కాబోలు, అనుకున్నాడు ధనుంజయ.

ఆ శనివారం ఫ్యాక్టరీలో మెడికల్ క్యాంపు పెట్టారు. టెక్కలి నుంచి వచ్చిన డాక్టరమ్మ మూర్ఛ గురించి చెప్పింది.

"మూర్ఛంటే కింద పడి కొట్టుకోవడం, నురగ రావడం ఒక్కటే కాదమ్మా. కొందరు పిల్లలు చదువుతూ చదువుతూ నాలుగు క్షణాలు ఆగిపోతారు. అదీ మూర్ఛే. కొందరికి ఒక్క చెయ్యే ఎగురుతుంది. ఇంకో రకం ఉంది. కళ్ళు తెరిచే ఉంటాయి. మనిషి నిలబడే ఉంటారు, నడుస్తారు కూడా. పిలిస్తే పలకరు. వేళ్ళు బట్టల్ని నలుపుతాయి. అర నిమిషమో, నిమిషమో. తర్వాత ఏదీ గుర్తుండదు. మందులతో చాలామందికి తగ్గుతుంది. నిప్పు దగ్గరా, నీళ్ళ దగ్గరా మాత్రం పక్కన మనిషి ఉండాలి."

ఆడవాళ్ళందరూ ధనుంజయ వైపు చూశారు. అతని ఛాతీ ఉబ్బింది. సూపర్‌వైజరు కదా, అలాంటి మనిషి ఎవరో కనిపెట్టవలసింది అతనే మరి.

కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. అడిగితే సరిగ్గా పలకదు. చెయ్యి బట్టల మీదికి పోతుంది. బల్ల దగ్గర కూర్చున్న మనిషి, రెప్ప వేసి తెరిచేసరికి బాయిలర్ పక్కన తేలుతుంది.

సోమవారం మోహినిని ఓనరు ముందు నిలబెట్టాడు.

"ఈ పిల్లకి మూర్ఛ సార్. డాక్టరమ్మ చెప్పిన ఆఖరి రకం. రేపు పొయ్యిలో పడిందంటే మన పీకకి చుట్టుకుంటాది."

"నాకు నేదు బాబూ," అంది మోహిని. "పనిలోంచి తియ్యకండి. మా అయ్యకి కిడ్నీలు పోనాయి, ఏటకి దోనె ఎక్కనేడు. నా కూలి మీదే ఇల్లు. నాను సొక్కా అట్టుకున్నది..."

ధనుంజయ ముఖం చూసి, మిగతాది మింగేసింది.

"సూసినారా సార్? మాట మజ్జిలో ఆగిపోనాది."

ఓనరు తల ఊపాడు. "రేపట్నుంచి రావద్దమ్మా."

గుమ్మం బయట బంగారమ్మ నిలబడి ఉంది.

"బాబూ, ఒక్క మాట సెప్పాల..."

"నీకూ ఉందేటే ఆ జబ్బు?"

ఆవిడ మెల్లగా పక్కకి తప్పుకుంది.

మర్నాడు ధనుంజయ హుషారుగా వచ్చాడు. బల్లల మధ్య నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఇకమీదట ఎవుర్తి నా ఒంటి మీద సెయ్యేసినా, మోహిని ఎనకాలే ఇంటికి పోద్ది. ఇన్నారా?"

విన్నారు. కత్తులు ఆడుతూనే ఉన్నాయి. అవతల బాయిలర్ పొయ్యి తలుపు తెరిచి, జీడి తొక్కలు ఎగదోస్తున్నారు.

"ఏటే బంగారమ్మా, నిన్న నువ్వు కొట్టిన పిక్కల్లో సగం..." అంటూ ధనుంజయ మాట మధ్యలో ఆగిపోయి, రెప్ప వెయ్యని కళ్ళతో, చొక్కా గుండీ నలుపుకుంటూ ఎప్పటిలాగే పొయ్యి నోటివైపు నడుస్తుంటే, నలభై మందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు.