నన్ను అతను తోశాడు

హోటల్లో దుప్పట్లు ఉతికి మడిచే ఆమెను విచారణకు పిలిచారు. మెట్ల మీద సూపర్‌వైజరు చెయ్యి పట్టుకుంటే ఆమె విదిలించుకుంది. ఆ కోపంతో అతను ఆమెను తోశాడు. తోసిన ఊపుకి తనూ దొర్లి చెయ్యి విరగ్గొట్టుకుని, ఆమే తోసిందని ఫిర్యాదు చేశాడు.

విచారణాధికారికి వచ్చింది ఇంగ్లీషు ఒక్కటే. అందుకే చెల్లెలు ముందే నూరిపోసింది.

"చేసినవాళ్లకి ఐ, హి. పడ్డవాళ్లకి మి, హిమ్. తారుమారు చేశావో, కొంప మునుగుతుందక్కా!"

ఏం జరిగిందని అధికారి అడిగాడు.

నన్ను అతను తోశాడు. ఆమె ఒక్కో మాటా పట్టిపట్టి, అదే వరసలో ఇంగ్లీషులోకి దించింది. "మి హి పుష్."

ఐ, మి ఎక్కడా తారుమారు కాలేదు. కానీ ఇంగ్లీషులో ముందు నిలబడ్డవాళ్లే చేసినవాళ్లని చెల్లెలు చెప్పలేదు.

పాపం భాష రాదని జాలిపడి అధికారే సరిచేశాడు. "ఐ పుష్డ్ హిమ్?"

"నో, నో! మి! మి హి పుష్!" అంటూ ఆమె గుండెలు బాదుకుంది.

అది తప్పు ఒప్పుకుంటున్నట్టే కనబడింది అతనికి. అయినా ఎందుకైనా మంచిదని, చేతికి కట్టుతో కూర్చున్న సూపర్‌వైజరు వైపు తిరిగాడు. ఆ గదిలో ఆమె భాష తెలిసినవాడు అతనొక్కడే. "తోసింది నువ్వేనా" అని ఆమెనే అడగమన్నాడు.

సూపర్‌వైజరు మెత్తగా అడిగాడు. "నువ్వు చెప్పిందంతా నిజమేనా అంటున్నారమ్మా."

"అక్షరాలా నిజమండీ!" అంటూ ఆమె గట్టిగా తలూపింది.

ఆమెను పనిలోంచి తీసేయమని అధికారి రాసుకున్నాడు. ఎంతైనా మనిషే కదా, చివరికి నిజం పక్కన నిలబడ్డాడనుకుని, ఆమె సూపర్‌వైజరుకి దణ్ణం పెట్టింది.