పాత నంబర్ల గుట్టు

"మన అన్నంలో మన్ను పోయడానికి ఇంత చిన్న చేతుల్ని పంపించారన్నమాట!" అంది రిజిస్టర్ల బీరువా చూసుకునే రిజిస్టరమ్మ, వినపడాలనే.

ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్ల, విననట్టే లోపలికి వచ్చింది.

పెన్షన్ ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించే సెక్షన్ అది. ఏడుగురు మనుషులు, ఏడు కీబోర్డులు. ఆ ఏడుగురూ చేసే పనిని ఒక్క ప్రోగ్రాం చేసేలా రాయడం ఆ పిల్ల పని. సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి నాలుగు నెలలే అయిందట. ప్రోగ్రాం పనిచేస్తే ఆమె ఉద్యోగం ఖాయం, వీళ్ళ సెక్షన్ మూత. పనిచేయకపోతే వీళ్ళు ఇక్కడే, ఆమె ఇంటికి.

ముందురోజే ఆఫీసరు అందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించాడు. రిజిస్టర్లు బయటికి పోనివ్వకూడదు, తెర మీద కనిపించేవి ఫోటోలు తీయకూడదు, ఆ కంపెనీలో చుట్టాలెవరైనా ఉంటే ముందే చెప్పాలి, వచ్చిన మనిషి ఏది అడిగినా చూపించాలి. ఉద్యోగమే ఊడబోతుంటే ఇవన్నీ చదివేదెవరు? అందరూ గీకి ఇచ్చేశారు.

పిల్లకి కుర్చీ పెద్దాయన పక్కన వేశారు. సెక్షన్లో అందరికంటే పాతవాడు ఆయనే. పొద్దున్నే కీబోర్డు మీద చెయ్యి వేసే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునే మనిషి. ఆయన ఒక్కో ఫారం ఎక్కిస్తుంటే పిల్ల పక్కన కూర్చుని రాసుకునేది.

"ఇదెందుకు పక్కన పెట్టారు, సార్?"

"సంతకం కింద తేదీ లేదు."

అంతే మాటలు. అందరినీ అంకుల్, ఆంటీ అనే పిల్ల ఆయన్ని మాత్రం సార్ అనేది. మొహంలోకి చూసేది కూడా కాదు. ఎంత పొగరు, అనుకుంది రిజిస్టరమ్మ.

మూడోవారం ప్రోగ్రాంని పరీక్షించారు. నూటికి పది ఫారాలు తప్పు. ఒకరి పెన్షన్ ఇంకొకరికి చూపిస్తోంది.

కారణం పిల్లకి తప్ప గదిలో అందరికీ తెలుసు. ఎప్పుడో రెండు ఆఫీసులను ఒకటి చేసినప్పుడు, ఒకే నంబరు ఇద్దరిద్దరికి ఉండిపోయింది. ఆ పాత నంబర్లలో ఏది ఎవరిదో తేల్చే కిటుకు ఏ పుస్తకంలోనూ లేదు. పెద్దాయన బుర్రలో ఉంది.

వరండాలో పిల్ల చెవిదగ్గరి ఫోన్లోంచి ఆమె టీమ్ లీడర్ గొంతు బయటికే వినిపించింది. "కాలేజీలో ఏం వెలగబెట్టావమ్మా? నీతో చేరిన ఇద్దర్నీ పంపించేశాం. శుక్రవారం దాకా చూస్తాను."

"సరే సార్... సరే సార్..." అంటూ పిల్ల గోడ సున్నం గోటితో గీరుతోంది.

ఆ మధ్యాహ్నం పెద్దాయన అన్నం డబ్బా మూత తీయలేదు.

"భయపడకండి," అన్నాడు కళ్ళద్దాల గుమాస్తా, టీ దగ్గర పెద్దాయనతో. "మీరు నోరు మెదపకుండా ఉంటే చాలు. శుక్రవారానికి పిల్ల మూటా ముల్లే సర్దేస్తుంది."

"మాటివ్వండి అన్నయ్యా," అంది రిజిస్టరమ్మ. ఆమెకి ఇంకా తొమ్మిదేళ్ళ సర్వీసు ఉంది. ఇంట్లో మంచం దిగలేని భర్త ఉన్నాడు.

పెద్దాయన గ్లాసు కడగడానికి లేచాడు.

ఆ సాయంత్రం దీపం ముందు రిజిస్టరమ్మ చేతులు జోడించింది. ఒక ఆడపిల్ల ఉద్యోగం పోవాలని దేవుణ్ణి అడగవచ్చునా? మనసులో ఏదో మూల గుచ్చుకుంది. అయినా అడిగింది.

గురువారం ఉదయం పెద్దాయన ఆమె టేబుల్ దగ్గరికి వచ్చాడు. "పాత రిజిస్టర్ల బీరువా తాళం ఇవ్వమ్మా."

ఇవ్వనంటే కుదరదు. సంతకం పెట్టింది కదా. తన చేత్తోనే తాళం ఇచ్చింది.

రెండు గంటలు. ఆయన చెబుతూనే ఉన్నాడు, పిల్ల రాసుకుంటూనే ఉంది. ఇద్దరూ తల ఎత్తలేదు.

పిల్ల నీళ్ళకి లేచినప్పుడు రిజిస్టరమ్మ పెద్దాయన మీదికి వచ్చింది. "మీ కంచంలోనే కాదు, మా అందరి కంచాల్లోనూ మట్టి కొట్టారు కదండీ! ఆ పిల్ల మీకేం పెట్టిందని?"

"మొదటి ఉద్యోగం కదమ్మా దానికి," అన్నాడు ఆయన, రిజిస్టరు మూస్తూ.

"మాకిది ఆఖరిదండీ!"

ఆయన బీరువా తాళం ఆమె చేతిలో పెట్టాడు.

శుక్రవారం ఒక్క ఫారం కూడా తప్పు పోలేదు. టీమ్ లీడర్ స్వయంగా వచ్చి పిల్లకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. చప్పట్లు కొట్టించాడు. పిల్ల గబగబా బాత్రూంలోకి వెళ్ళి, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది.

"ఆనందం ఆగట్లేదు పాపం," అన్నాడు కళ్ళద్దాల గుమాస్తా, పళ్ళు కొరుకుతూ.

ఆ తర్వాత నెల రోజులు పెద్దాయనతో ఎవ్వరూ మాట్లాడలేదు. ఆయన వస్తే టీ బల్ల దగ్గర కుర్చీలు ఖాళీ అయ్యేవి. ఆయన నిలబడే తాగి, గ్లాసు కడిగి పెట్టేసి వెళ్ళేవాడు.

సెక్షన్ మూసే రోజున మిగిలిన పని ఒక్కటే. ఏడుగురి సొంత పెన్షన్ ఫారాలు కొత్త ప్రోగ్రాంలోకి ఎక్కించాలి. అది రిజిస్టరమ్మకి పడింది. ఆరు ఎక్కించింది. ఏడోది పెద్దాయనది. ముట్టుకోబుద్ధి కాలేదు. ముట్టుకోక తప్పలేదు. నంబరు కొట్టగానే ప్రోగ్రాం ఆయన్ని రెప్పపాటులో పోల్చుకుంది. ఆయన నేర్పిన కిటుకే మరి.

కుటుంబ వివరాల కోసం రిజిస్టరమ్మ చివరి పేజీ తిప్పింది.

'ఏకైక సంతానం' అన్న గడి పక్కన అంటించిన ఫోటోలో ల్యాప్‌టాప్ పిల్ల నవ్వుతోంది.